ఉప్పులో వినబడదు

చిప్పు మీద సూదిమొన ఆనించి చూపించింది విశాలి:
ఇది సోర్సు, ఇది గేటు, ఇది డ్రైను,
మధ్యన పారేది చానెలు.
నాకు నవ్వొచ్చింది.
ఇందులో మాకు తెలీనిదేముందమ్మా,
విజ్జేశ్వరంలో తల, దారిలో లాకులు, పంటకాలువ,
చివర మొగల్తూరు దిగువన
అందరి మురుగూ మోసే డ్రైను.
మా డెల్టానే గోరంత చేసి పట్టుకొచ్చావు.

గోరంత కూడా కాదంది.
మా అమ్మ లేసు అల్లే ఎనభయ్యో నంబరు దారాన్ని
నిలువునా వెయ్యి పోగులుగా చీలిస్తే
అందులో సన్నపాటి పోగు
ఈ సిలికాన్ తీగకి అన్నగారవుతుందట.

ముందు పులుపు.
తెల్లారుజాము చెరువు నీళ్ళు ఒక చుక్క,
మధ్యాహ్నం మూడింటివి ఒక చుక్క.
రాత్రంతా రొయ్యలు వదిలిన ఊపిరికి చెరువు పులుస్తుంది,
ఎండెక్కితే నాచు ఆ పులుపు తాగేస్తుంది.
పదకొండేళ్ళుగా కాగితం రంగు చూసి నేను చెబుతున్న సంగతే.
తీగ మాత్రం రంగు మారదు.
ఒంటిని తాకిన హైడ్రోజన్ కణాలకి
లోపలి కరెంటు కొంచెం జంకుతుంది,
లాకు పలక మీద ఎవరో చెయ్యేసినట్టు.

తరవాత డీఎన్ఏ.
తెల్లమచ్చ వైరస్ జాతకంలోంచి తీసిన ఒంటిపోగు ముక్కని
తీగకి కట్టి ఉంచారు.
అది ఎవర్నీ పిలవదు.
దాని జతపోగు ఆ నీళ్ళలో ఉంటే
అదే వచ్చి పెనవేసుకుంటుంది.
డీఎన్ఏకి గణుపు గణుపునా ఋణావేశమట,
ఆ ఋణం మీద పడగానే
తీగలో కరెంటు ఎగదన్నుతుంది.
అప్పు మీద పడితే ఏమవుతుందో
బుచ్చిరాజు గారికి వేరే చెప్పక్కర్లేదు.

ఆయన మూడో చెరువు రొయ్య మొప్పలు
నూరి, కాచి, జతలు విడదీసి వేశాం.
గీత కదల్లేదు.
హమ్మయ్య అన్నాను.
“ఆగండి సుగుణా, అప్పుడే నమ్మకండి.
ఉప్పెక్కువైతే తీగకి చెవుడు.”
ఉప్పు కణాలు చుట్టూ మూగి కబురు కమ్మేస్తాయట,
చేపల సంతలో చెవిలో చెప్పిన మాట లాగ.
మంచినీళ్ళు పోసి పలచన చేశాం.
ఇంకా పోశాం.
గీత లేచింది.
లేచి, అక్కడే నిలబడిపోయింది.

ఫోన్ చేసింది నేనే.
అటువైపు చాలాసేపు ఏరేటర్ల చప్పుడే.
“ఈ మాట ల్యాబు దాటకూడదమ్మా.”
క్లోరిన్ వెయ్యండి, నీళ్ళు బయటికి వదలకండి, అన్నాను.
“ఆఁ, ఆఁ” అన్నారాయన.
ఆ రెండు ఆఁలలో ఉప్పెంతుందో
కొలిచే తీగ మా దగ్గర లేదు.

మా ఇల్లు డ్రైను గట్టు మీద.
రాత్రి రెండున్నరకి నీళ్ళ చప్పుడుకి మెలకువొచ్చింది.
వాన లేదు. పోటు కాదు.
ఎవరి తూము లేచిందో దీపం లేకుండానే తెలుసు.
ఆయన్ని తిట్టుకోలేకపోయాను, ఆయనవీ అప్పు నీళ్ళే.
కిందన తిరుమాని ఏడుకొండలు,
రెండెకరాల కౌలు,
ఇదే డ్రైనులోంచి తోడుకుంటాడు.

ల్యాబు దాటకూడని మాట
నాతో పాటే సైకిలెక్కింది.

డీజిలింజను అప్పుడే అందుకుంది.
పైపు నోట్లో ఇంకా గాలే, నీళ్ళు రావాలి.
ఆపమని అరిచాను.
“ఏటమ్మాయ్? ఇనబడ్డంలేదు!”
ఇంకా అరిచాను.
చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నవ్వుతున్నాడు.
గట్టు దిగి, బురదలో వంగి,
ఇంజను నేనే ఆపేశాను.

ఒక్కసారిగా అంతా పలచనయింది.
డ్రైను పారడం వినబడింది.
అతను లైటు నా మొహాన వేసి చూసి
నవ్వు ఆపాడు.

“ఇప్పుడు సెప్పు.”